పానకం మీద కొసరు

కాక్‌టెయిల్ కలపడానికీ వంట చేయడానికీ సంబంధం లేదని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. చెప్పడమేమిటి, ప్రాణం తీసేదాన్ని. పులుసులో ఉప్పెక్కువైతే ఇన్ని నీళ్ళు పోసి ఇంకాసేపు మరిగించుకోవచ్చు. గ్లాసులో పడ్డది పడ్డట్టే. కొలగిన్నె చేతిలో లేకుండా సీసా మూత తియ్యొద్దనేదాన్ని. ఇన్ని ఉపన్యాసాలిచ్చిన మనిషినే, ఒక మధ్యాహ్నం ఒక చెంచా ఎక్కువ పోశాను. ఆ చెంచా గురించే ఇది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. గొట్టంలో ద్రవం గీతకి ఆనిందా లేదా అని ఒక కన్ను మూసి చూడటమే ఇరవయ్యేళ్ళుగా నా ఉద్యోగం. లాక్‌డౌన్‌లో బుద్ధి పుట్టి షేకర్, రెండువైపులా కొలిచే చిన్న గిన్నె, మూరెడు చెంచా తెప్పించుకున్నాను. పగలూ మందే, సాయంత్రమూ మందేనా అని మా ఆయన నవ్వాడు. ఆయన ముట్టడు. నేను కలిపితే గిన్నెలు కడుగుతాడు, అంతవరకే ఆయన భాగస్వామ్యం.

అంతకుముందు మా స్నేహితుల ఇళ్ళలో మందంటే ప్లాస్టిక్ గ్లాసులో సగానికి విస్కీ, మిగతా సగానికి కోక్. చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా చేతికి షేకరొచ్చాక మా నాలుగు కుటుంబాల్లో ఆ అందాజు వ్యవహారం బందైంది. పచ్చిమామిడికాయ తురిమి పిండిన రసంతో ఒకటి, కారం ఉప్పు అంచుకి అద్దిన జామపండుతో ఒకటి, చింతపండుతో ఇంకొకటి కనిపెట్టాను. అన్నిటిలోకీ పేరొచ్చింది మాత్రం పానకానికే.

బెల్లం, నీళ్ళు సమానంగా కాచి, పాకం తీగ సాగకముందే దించాలి. దించాక శొంఠిపొడి, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, రెండు ఏలకులు వేసి మూతపెట్టాలి. చల్లారాక పల్చటి బట్టలో వడగట్టాలి, బద్ధకిస్తే శొంఠి గొంతులో గరగరలాడుతుంది. ఈ పాకం ఒక ఔన్సు, నిమ్మరసం ముప్పావు ఔన్సు, బర్బన్ విస్కీ రెండు ఔన్సులు. షేకర్‌లో ఐసు పెద్ద ముక్కలు వెయ్యాలి, చిన్నవైతే ఇట్టే కరిగి నీళ్ళోడిపోతుంది. బయట తెల్లగా మంచు పట్టి వేళ్ళు జివ్వుమనే దాకా ఆడించి, టీ జల్లెడలోంచి గ్లాసులోకి వంపాలి. ఇక్కడికి అసలు అయింది. చివర్లో చెంచా తిరగేసి గ్లాసులో ఆనించి, దాని వీపు మీదుగా నల్ల రమ్ము ఒక చెంచాడు జారవిడవాలి. అది కిందికి దిగకుండా పైన తేలుతుంది, మొదటి గుక్కకి ముక్కులోకే వెళ్తుంది. బార్లలో దీనికేదో పేరుంది. నేను మాత్రం కొసరు అన్నాను.

తెనాలిలో మా ఇంటికి పాలు పోసే ఆవిడ శేరు కొలిచాక ఒక చిలకరింపు వేసేది. అది పడేదాకా మా అమ్మ గిన్నె వెనక్కి తీసేది కాదు. అసలు కంటే కొసరు ముద్దని ఊరికే అన్నారా! కొసరనగానే మావాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. మిగతా కొలతలు ఎవరికీ పట్టలేదు గానీ, రమ్ము సీసా తీయడం ఒక్క క్షణం ఆలస్యమైతే "కొసరేదీ వదినా" అని మగవాళ్ళు గ్లాసులు చాచి నిలబడేవాళ్ళు. వరసలో ఉన్న గ్లాసులన్నిటి మీదుగా చెంచా ఆపకుండా పోసుకుంటూ వెళ్ళడం నాకు అలవాటైంది. ఆ పనికి నా కళ్ళతో అవసరం లేకుండా పోయింది.

మా నాలుగు కుటుంబాల్లో ఒకావిడ నన్ను అక్కా అంటుంది. తోడబుట్టింది కాదు. ఆమెది వరంగల్ వైపు. నాకంటే ఏడేళ్ళు చిన్న, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రెండో క్లాసు చదివే కూతురు. ఆమె జీవితంలో మొదటి గ్లాసు తాగింది మా వంటింట్లోనే, నా మామిడికాయదే. ఒక్క గుక్క తాగి, మామిడికాయ పులుసులా ఉందక్కా అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఎంత పొంగిపోయానో చెప్తే సిగ్గేస్తుంది.

మూడేళ్ళ తర్వాత ఒక చలికాలం మధ్యాహ్నం, గ్రోసరీ స్టోర్ పార్కింగ్‌లో తన కారెక్కించుకుని తలుపులు వేసి చెప్పింది. వారాంతంలో ఒకటితో మొదలైంది, తర్వాత రోజూ ఒకటి, ఆ తర్వాత ఆఫీసు మీటింగుల్లో కాఫీ కప్పులోనే. సీసా బియ్యం డబ్బాలో దాచేదట. ఒకరోజు స్కూలు బస్సు దగ్గరికి వెళ్ళడం మర్చిపోయి సోఫాలో నిద్రపోయింది. పిల్లను పక్కింటి అమెరికన్ ముసలావిడ తీసుకొచ్చి దింపింది. ఆ రోజే భర్తకి బియ్యం డబ్బా సంగతి తెలిసింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్ళిపోతానన్నాడు. బెదిరింపు కాదక్కా, ఆయన అట్ల ఉత్తగా అనడు అంది. అప్పటికి మానేసి పదకొండు రోజులు. ప్రతి మంగళవారం ఒక చర్చి బేస్‌మెంట్‌లో మానేసినవాళ్ళంతా కూర్చునే చోటికి వెళ్తోంది. అక్కడ తనలాంటి మొహం తనదొక్కటేనట.

మరి మా పార్టీలకెందుకు రావడం, మానేశానని చెప్పెయ్యొచ్చుగా అన్నాను. అనేశాక నాకే తెలిసింది ఎంత తెలివితక్కువ మాటో. పెళ్ళైన ఆడది మావాళ్ళలో గ్లాసు వద్దందంటే పదిమంది మొహాల్లోనూ ఒకటే నవ్వు, "ఏంటి, విశేషమా?" అని. కాదంటే ఎందుకని ఆరా. మానేశానంటే, మానేయాల్సినంత ఉండేదన్నమాట అని ఇంటికెళ్ళేదాకా కార్లలో అదే చర్చ. రాకుండా ఊరుకుంటే రెండో వారానికి బిర్యానీ ట్రే పట్టుకుని ఇంటికే వచ్చేస్తారు, ఏమైందమ్మా అంటూ. మొహమాటం మా రక్తంలో ఉంది, మొహమాటపెట్టడం కూడా. ఈ దేశం వచ్చి పాతికేళ్ళయినా విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే వడ్డించే జాతి మాది.

అందుకని ఆమె నన్నొకటి అడిగింది. నా గ్లాసు అందరి గ్లాసులాగే ఉండాలె, అందులో చుక్క ఉండొద్దు అంది. నీ చెయ్యి అయితే నాకు భయం లేదక్కా అంది.

ఆ మాటకి నేను పెట్టిన మొహం ఎలా ఉందో గానీ, ఇంటికొచ్చి వారం రోజులు అదే పని. నాలుక మోసపోవాలంటే మంట, వగరు, చేదు మూడూ కావాలి. మంటకి శొంఠి రెట్టింపు చేశాను. వగరుకి టీపొడి బాగా మరగబెట్టిన డికాక్షన్. చేదుకి బార్లో వాడే బిట్టర్స్ చుక్కలు సరిపోతాయి గానీ అందులోనూ ఆల్కహాల్ ఉంటుంది. అయిదు చుక్కలకి ఏమవుతుందిలే అని ఎవరైనా అనొచ్చు, నేననలేదు. మెంతులు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు వాడాను. ఆమెకోసం వేరే షేకర్ కొన్నాను, పాతదాంట్లో వాసన కూడా మిగలకూడదని. మిగతా గ్లాసుల్లో నారింజతొక్క, ఆమె గ్లాసులో మాత్రం అల్లం ముక్క గుచ్చిన పుడక. మా గుంపులో ఒకాయన అది చూసి, పానకంలో పుడకంటే ఇదేనా వదినా అని వెక్కిరించాడు. అందరితోపాటు ఆమే నవ్వింది. నేను లోపల్లోపల గర్వపడ్డాను.

ఆమె భర్త ఒకసారి మా గరాజ్ దగ్గర ఆగి, మీ రుణం తీర్చుకోలేను వదినా అన్నాడు. ఆమె రోజూ పొద్దున్నే నాకు ఒక అంకె మెసేజ్ పంపేది. ఇంకో మాటుండదు. ఇరవై ఆరు. యాభై. ఎనభై ఏడు. ల్యాబ్‌కి బయల్దేరేముందు అది చూసుకుంటే గానీ కారు స్టార్ట్ చేసేదాన్ని కాదు.

నూట పన్నెండో రోజు మే నెల లాంగ్ వీకెండ్. మధ్యాహ్నం మూడింటికి మా ఇంటి వెనక డెక్ మీద అందరం చేరాం. మా ఆయనకి మజ్జిగ, ఆమె భర్తకి ఒక బీరు. ఆమె భర్త దూరంగా గ్రిల్ దగ్గర మొక్కజొన్న పొత్తులు తిప్పుతున్నాడు. నేను ఆరు గ్లాసులు బల్ల మీద వరసగా పెట్టాను. మూడోది పుడక గ్లాసు. అన్నీ కొలతే, ఒక్కటీ తప్పలేదు. ఈలోగా మా గుంపులో ఆ వెక్కిరించే ఆయన గ్రీన్ కార్డ్ డేట్లు మళ్ళీ వెనక్కి పోయాయని మొదలుపెట్టాడు. మా ఆఫీసులో ఒకమ్మాయికీ అదే గొడవ, దాన్ని గురించి నేను చెప్తున్నాను. చెప్తూ రమ్ము సీసా మూత తీశాను. చెంచా తిరగేశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. మూత బిగించాను. మాట మాత్రం ఆపలేదు.

పావుగంట తర్వాత వంటింట్లో ఐసు తీస్తుంటే ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. అంత తొందరగా తాగేశావేంటే అన్నాను. గ్లాసు గట్టు మీద పెట్టి, పుడక వైపు చూస్తూ, చాలా మెల్లిగా అంది.

"ఇంకోటి కలుపు అక్కా. ఇందాకటి లెక్కనే, కొసరుతోని."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. రమ్ము వాసన. నేనేనా, నేనే పోశానా అన్నాను.

"నువ్వు పోస్తుంటే చూసిన. నువ్వే పోసినవంటే ఏం కాదేమో అనుకున్న."

అప్పుడే ఆ గ్రీన్ కార్డ్ ఆయన తన గ్లాసు పట్టుకుని లోపలికొచ్చాడు. మంచి మనిషే, ఎవరికీ హాని తలపెట్టడు. ముందు మా చెల్లెలికి కలుపు వదినా, ఆ తర్వాతే నాకు అని గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె గ్లాసు నా వైపు జరిపింది. ఆ కళ్ళు పొయ్యమంటున్నాయో వద్దంటున్నాయో నాకు తెలియలేదు. తెలుసుకోవాలని నేను చూడనూ లేదు. పొయ్యనంటే ఆయన ఎందుకంటాడు, ఎందుకంటే ఏం చెప్పాలి అన్నదొక్కటే నా బుర్రలో ఉంది. ఆమె కోసం ఉంచిన షేకర్‌లో మిగిలిన పానకం గ్లాసులో వంపి, చెంచా తిరగేసి, రమ్ము పోశాను. ఈసారి కళ్ళతో చూస్తూనే పోశాను.

మూడోది, మిగతావాళ్ళ రెండో విడతకని నేను కలిపి పెట్టిన జగ్గులోంచి తనే వంచుకుంది. అదీ నాకు కనపడింది. అయిదున్నరకి ఆమె భర్త దగ్గరికొచ్చి ఏదో మాట్లాడబోయి, ఒక్కసారిగా ఆగి, పాప చెప్పులు వెతకడం మొదలుపెట్టాడు. పదినిమిషాల్లో వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున అంకె రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. ఫోన్ చేసి ఎత్తకపోతే ఊరుకున్నాను. తలనొప్పని రెండు రోజులు ల్యాబ్‌కి సెలవు పెట్టాను. మావాళ్ళెవరైనా అడిగితే బిజీగా ఉన్నారట అన్నాను. మూడో వారంలో మా ఆయనే కబురు తెచ్చాడు. ఆమె భర్త లైబ్రరీ దగ్గర కనిపించి చెప్పాడట. మా ఇంట్లో నా కళ్ళుగప్పి మందు కలుపుకుందట, అడిగితే జవాబు లేదట, స్కూలు సెలవులివ్వగానే పాపను తీసుకుని వెళ్తున్నాడట. టికెట్లు కొన్నాడు, తిరుగు టికెట్ లేదు. పైగా ఇంకో మాట అన్నాడట, వదిన కొలత తప్పదు, నా భార్యే పోసుకున్నదని. మా ఆయన అది చెప్పి, నా మొహం చూసి, నువ్వేమైనా పోశావా అన్నాడు. అవునన్నాను. ఆయన కడుగుతున్న గిన్నె పక్కన పెట్టి, కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

వాళ్ళింట్లో మెట్ల కింద రెండు సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి, ఒకదాంట్లో పిల్ల గౌన్లు. ఆయన మర్యాదకి లోటు చెయ్యలేదు, కూర్చోబెట్టి టీ పెట్టాడు. ఆ రమ్ము పోసింది నేనే, అలవాటు మీద చెయ్యి పోయింది, ఆమెకి ఏ పాపం తెలియదు అన్నాను. అంత దూరం డ్రైవ్ చేస్తూ అల్లుకున్న వాక్యం అది. ఆయన కుర్చీ నా ఎదురుగా జరుపుకున్నాడు.

"మొదటిది మీరు పోసిన్రు, సరే. రెండోది?"

చెప్పకపోయినా ఆయనకి తెలిసే దారి లేదు. ఆమె ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇకమీదటా చెప్పదు. మొదటి చెంచా ఒక్కటే నాదంటే ఎవరైనా క్షమిస్తారు, పొరపాటంటారు. అదంతా లెక్కేసుకున్నాను, అబద్ధమెందుకు.

"రెండోదీ నేనే. మొదటిది చెయ్యి పోసింది, రెండోది నేను పోశాను. ఆమె కొసరు కావాలంది. పక్కన మనిషున్నాడు, పొయ్యనంటే ఎందుకని అడుగుతాడని పోశాను."

"గంతేనా?"

"అంతే."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది. తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. మెట్ల మీద ఆమె నిలబడి ఉందని అప్పుడు చూశాం. చేతుల్లో ఉతికిన బట్టల బుట్ట ఉంది, మనిషి సగమైంది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదే, నా పేరు చెప్పాల్సిందిగా అని నేను ఏడ్చేశాను. నీ పేరు చెప్తే నీ మీద పెట్టినట్టయితది అక్కా, తాగింది నేను గదా అంది. అని, భర్త వైపు చూడకుండా, ఇయ్యాల్టికి తొమ్మిది అంది. అంటే నా రెండో చెంచా తర్వాత పన్నెండు రోజులు తాగుడు ఆగలేదన్నమాట. ఆ పన్నెండు రోజుల గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

టికెట్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఏం చెయ్యాలో తోచక ముగ్గురం టీ తాగాం. నా కప్పు ఖాళీ అవగానే ఆయన లేచి గిన్నె తెచ్చాడు. వద్దని అరచెయ్యి కప్పు మీద పెట్టాను. ఎంత దుఃఖంలో ఉన్నా అతిథి అతిథే కదా, కొంచెం తీసుకోండి వదినా అంటూ ఆయన గిన్నె వంచాడు. నేనూ అలవాటు కొద్దీ చెయ్యి తీసేస్తున్నాను. ఆమె లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"అక్క వద్దన్నది గదా. వద్దంటే పొయ్యకు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చూసి, గిన్నె కింద పెట్టాడు.